పాతర నోటి దగ్గర పెంటమ్మ

చేవెళ్లలో రామేశ్వర్ సావుకారి పెరట్లో మూడు పాతరలు ఉండేవి. పాతర అంటే జొన్నలు దాచే గొయ్యి. పైన మెడ ఒక మనిషి పట్టేంత ఇరుకు. లోపల కడుపు పెద్ద కాగులా వెడల్పు. లోతు రెండున్నర నిలువులు. అడుగునా చుట్టూ ఎండుగడ్డి పరిచి, జొన్నలు నింపి, నోటిమీద బండ మూసి మట్టి మెత్తేవారు. ఏడాదికో రెండేళ్లకో ధాన్యం కావలసి వచ్చినప్పుడు మట్టి తవ్వి బండ లేపేవారు. మగవాళ్లు నిచ్చెన వేసుకుని దిగి గంపలు నింపితే, పైన ఆడవాళ్లు తాడుతో లాగి, చెరిగి, గోనె సంచుల్లోకి ఎత్తేవారు.

ఆ పనికి ఊరి పడమటి వాడలోని క్రైస్తవ కుటుంబాలు తరతరాలుగా వచ్చేవి. పెంటమ్మది మొయినాబాదు. పదిహేనేళ్ల వయసులో సాముయేలును చేసుకుని చేవెళ్ల వచ్చింది. సాముయేలు పాతర దిగే పనిలో నేర్పరి. బండ లేవగానే ముందు దిగేది అతనే. లోపలి నుంచి ఏదో కూనిరాగం తీస్తూ గంపలు నింపేవాడు. పైన పెంటమ్మ తాడు లాగేది. ఆ రాగాన్ని బట్టే ఇక గంప నిండిందని ఆమెకు తెలిసిపోయేది.

1936లో వానలు ఆగకుండా పడ్డాయి. దసరా దాటినా నేల పదును ఆరలేదు. కార్తీకంలో ఒకనాటి పొద్దున సావుకారి మూడో పాతర తెరిపించాడు. బండ లేపగానే పులిసిన కలి వాసన ముక్కుకు కొట్టింది.

"జర తడి దిగినట్టున్నది," అన్నాడు సాముయేలు. తలగుడ్డ బిగించుకుని నిచ్చెన దిగాడు. రాగం మొదలు కాలేదు. గంప కిందపడ్డ చప్పుడు వచ్చింది. తర్వాత ఇంకో చప్పుడు, బరువుగా.

పెంటమ్మ వంగి పిలిచింది. పలకలేదు. జారిపడ్డాడేమో, కాలు విరిగిందేమో అనుకుంది. ఆమె తమ్ముడు యేసోబు అక్కను చూడడానికి మొయినాబాదు నుంచి ముందురోజే వచ్చి, ఆ పొద్దున సాయంగా పెరట్లో నిలబడి ఉన్నాడు. ఇరవై ఏళ్లవాడు.

"తమ్మీ, మీ బావ పడ్డట్టున్నడు. దిగి జూడు," అంది పెంటమ్మ.

యేసోబు మారుమాట లేకుండా దిగాడు. నాలుగు మెట్లు దిగాడు. ఐదో మెట్టు మీద అతని చేతులు నిచ్చెనను వదిలేశాయి. అతను కేకైనా వేయలేదు. పెంటమ్మ తన కళ్లతో చూసింది, ఆ చేతులు నిద్రలో మనిషి చేతులు విప్పుకున్నట్టు విప్పుకోవడం.

ఇద్దరినీ కొక్కేలతో పైకి తీసేసరికి మధ్యాహ్నం అయింది. పాతరలో దయ్యం కూచున్నదని ఊళ్లో అందరూ అన్నారు. యేసోబు శవం బండి మీద మొయినాబాదు చేరినప్పుడు తల్లి ఏడవలేదు. "వాన్ని ఎవరు దింపిన్రు?" అని ఒక్క మాట అడిగింది.

"నేనే దిగమన్న అవ్వా," అంది పెంటమ్మ.

ఆ తర్వాత తల్లి ఆమెతో మాట్లాడింది గానీ ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. ఎత్తకపోవడమే పెంటమ్మకు ఎక్కువ బరువైంది.

ఆ చలికాలమంతా ఆమె జ్వరంతో పడి ఉంది. మిషను దవాఖాన వాళ్లు వారానికోసారి మందుల పెట్టెతో చేవెళ్ల వచ్చేవారు. వాళ్లలో కంపౌండరు సాలోమోను. తెల్ల జుట్టు, చత్వారం అద్దాలు, మాట నిదానం. ఆమె నాడి చూస్తూ జరిగిందంతా చెప్పించుకున్నాడు.

"దయ్యం లేదు ఏం లేదు పెంటమ్మా. గాలి," అన్నాడు. "జొన్నగింజ ఎండినా సచ్చింది గాదు. తడి తగిలితే ఊపిరి తీస్తది, పులుస్తది. మూసిన గుంతల మంచి గాలంత తినేసి చెడ్డ గాలి ఇడుస్తది. అది బరువైన గాలి. కుండల నీళ్లున్నట్టు అడుగున నిలుస్తది. అండ్ల మనిషి ముంగితె రెండు మూడు ఊపిర్లే."

"కండ్లకు కనవడదా?"

"కనవడదు. ఒక్కోసారి వాసన గూడ ఉండదు. దీపం దించి జూడాలె. దీపం యాడ ఆరితే మనిషి ఆడికి దిగొద్దు."

ఆ మాట ముందే తెలిసి ఉంటే అన్న ఆలోచన పెంటమ్మను ఒక కొసకు తీసుకుపోయింది. ఇప్పుడు తెలిసింది కదా అన్న ఆలోచన ఆ కొస నుంచి వెనక్కు తెచ్చింది. లేచినప్పుడు ఆమె అడిగింది ఒకటే: "ఆ చెడ్డ గాలిని ఎల్లగొట్టేదెట్ల?"

సాలోమోను చెప్పాడు. నోరు తెరిచి ఒక పగలూ ఒక రాత్రీ వదిలేయాలి. గోనెసంచుల మూట తాడుకు కట్టి, బావిలో బొక్కెన వేసినట్టు కిందికీ మీదికీ ఆడించాలి. అంతా అయ్యాక మళ్లీ దీపం. స్పృహ తప్పిన మనిషిని బోర్లా పడుకోబెట్టి, వీపు మీద చేతులతో ఒత్తి ఊపిరి ఆడించడం కూడా అదే రోజు ఆమె చేత చేయించి నేర్పాడు.

ఆ మరుసటి ఏడు పాతర తీసేనాడు పెంటమ్మ ఒక ఆముదం ప్రమిదను చిన్న గంపలో పెట్టి, చేదతాడు కట్టి తెచ్చింది. మగవాళ్లు నవ్వారు. ఆమె పాతర నోటి మీద అడ్డంగా కూచుంది. దీపం అడుగున వెలిగేదాకా ఎవరినీ కదలనివ్వలేదు. ఆ ఏడు దీపం వెలిగింది. రెండో ఏడు ఒకటో పాతరలో నడుము లోతులోనే ఆరిపోయింది. పనివాళ్లు పెరట్లో రెండు రోజులు కూచున్నారు. మూడోనాడు దిగి చూస్తే అడుగు జొన్నలన్నీ నల్లగా ముద్దకట్టి ఉన్నాయి. దాంతో నవ్వడం మానేశారు. ఇంకో రెండేళ్లకు చేవెళ్ల పనివాళ్లలో ఒక్కడు కూడా పెంటమ్మ దీపం దించకుండా నిచ్చెన మీద కాలు పెట్టేవాడు కాదు.

సావుకారి దీన్ని మెచ్చుకోలేదు, వద్దనలేదు. కొత్తగా వచ్చిన గుమాస్తాకు మాత్రం ఒళ్లు మండేది. పని ఆపడానికి ఈ ఆడమనిషి ఎవరని అతని బాధ.

1943 నాటికి యుద్ధం కారణంగా అన్నిటికీ కరువొచ్చింది. గవర్నమెంటు లెవీ కింద ధాన్యం తీసుకుంటున్నది. సావుకారి మూడో పాతరలోని జొన్నలు గురువారం లోపల శంకర్‌పల్లి స్టేషన్‌కు చేర్చాలని కాగితం వచ్చింది. పాతర రెండు వానాకాలాలుగా మూసి ఉంది. మంగళవారం సాయంత్రం బండ లేపి పెంటమ్మ దీపం దించింది. రెండు మూరలు దిగగానే ఆరిపోయింది.

"రేపు పొద్దంత మూట ఆడిద్దాం. ఎల్లుండి జూద్దాం," అంది.

"ఎల్లుండి బండ్లు టేషన్‌ల ఉండాలె," అన్నాడు గుమాస్తా. "నీ దీపం కోసం రైలు ఆగుతదా?"

"రైలు పోతె ఇంకో రైలొస్తది అయ్యా."

అతను ఆమె వైపు కాసేపు చూసి, సరే పొమ్మన్నట్టు చెయ్యి ఊపాడు. పెంటమ్మ నమ్మింది.

బుధవారం పొద్దున ఆమె గోనెసంచులు చంకన పెట్టుకుని వచ్చేసరికి సావుకారి ఇంటి ముందు నాలుగు బండ్లు విప్పి ఉన్నాయి. కొండకల్ బండ్లు. ఎద్దులు చొప్ప నములుతున్నాయి. బండ్ల దగ్గర మనుషులు లేరు. పెరట్లోంచి మాటలు వినబడ్డాయి. ఆమె చంకలోని సంచులు అక్కడే వదిలి పరుగెత్తింది.

పాతరలో నిచ్చెన వేసి ఉంది. నోటి చుట్టూ ముగ్గురు బండివాళ్లు, గుమాస్తా. చేవెళ్ల పనివాళ్లు ఒక్కరూ లేరు. వాళ్లు దిగరని తెలిసి గుమాస్తా ముందురోజు రాత్రే కొండకల్‌కు మనిషిని పంపి బండివాళ్లను మాట్లాడుకున్నాడు. బండ్లు తోలడమే కాదు, ధాన్యం కూడా మీరే తీయాలని చెప్పాడు. వాళ్లకు ఈ పాతర సంగతి తెలియదు.

"ఎవరన్న దిగిన్రా?" అంది పెంటమ్మ.

"మా తమ్ముడు ఇప్పుడే దిగిండు. బాల్‌రాజ్," అన్నాడు వాళ్లలో పెద్దవాడు. అతని పేరు స్వామిదాసు. నవ్వుమొహంతోనే చెప్పాడు. "తమ్మీ, గంప పంపాల్నా?" అని వంగి అరిచాడు.

లోపలి నుంచి ఒక మూలుగు లాంటిది వచ్చింది. తర్వాత జొన్నలు జలజల జారిన చప్పుడు. అంతే.

స్వామిదాసు ఒక కాలు నిచ్చెన మీద పెట్టేశాడు. పెంటమ్మ అతని రెండో కాలిని రెండు చేతులా వాటేసుకుని నేల మీద కూలబడింది.

"ఆగు. గాలి మంచిగ లేదు. నువ్వూ పోతవు."

"ఇడువు. వాడు పడ్డడు."

"పడ్డడు. నువ్వూ వాని మీదనే పడతవు. జర ఆగు అన్నా, నీ కాల్మొక్కుత."

అతను కాలు విదిలించాడు. ఆమె వదల్లేదు. మడమతో ఆమె భుజం మీద తన్నాడు. అప్పుడూ వదల్లేదు. "పట్టుకోండ్రి," అని మిగతా ఇద్దరు బండివాళ్లను చూసి అంది. ఆ గొంతులో ఏముందో గానీ వాళ్లు తమ మనిషినే చెరో రెక్క పట్టుకుని వెనక్కు లాగారు. గుమాస్తా గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

పెంటమ్మ మొదట నిచ్చెన పైకి లాగేసి దూరంగా పారేసింది. స్వామిదాసుకు దిగే దారి లేకుండా చేయడానికి. తర్వాత వంటింటి గడప దగ్గరికి పరుగెత్తింది.

"అమ్మా, దీపం, పాతాళగరిగె," అని అడిగింది.

సావుకారి భార్య శారదాదేవి అప్పటికే గడపలో ఉంది. ఎందుకని అడగలేదు. దేవుని ముందు వెలుగుతున్న దీపాన్నే తెచ్చి ఇచ్చింది. బావిలో పడిన బొక్కెనలు తీసే కొక్కేల గుత్తి, పాతాళగరిగెను దాని తాడుతో సహా తనే ఈడ్చుకొచ్చి పాతర దగ్గర వేసింది.

దీపం రెండు మూరలకు ఆరింది. నిన్న ఎక్కడ ఆరిందో అక్కడే.

వెలుతురు ఏటవాలుగా లోపలికి పడుతున్నది. వంగి చూస్తే బాల్‌రాజ్ వీపు కనిపించింది. జొన్నల మీద బోర్లా, ఒక చెయ్యి కింద పడి. పెంటమ్మ కొక్కేలు దించింది. తాడు వదులుతూ, కొక్కేలను అటూ ఇటూ ఆడిస్తూ, అతని నడుముకు కట్టుకున్న గోనెపట్టా కోసం వెతికింది. మొదటిసారి కొక్కెం జొన్నల్లో గుచ్చుకుంది. రెండోసారి బట్టకు తగిలి జారిపోయింది. వెనక స్వామిదాసు ఒక్క మాటే మళ్లీ మళ్లీ అంటున్నాడు.

"నన్ను దిగనియ్యుండ్రి. నన్ను దిగనియ్యుండ్రి."

పెంటమ్మ కొక్కెం పైకి తీసి మళ్లీ దించింది. తమ్ముడిని దిగమని తను అన్న పొద్దు ఆమె కళ్ల ముందే ఉంది. ఇతన్ని దిగవద్దంటున్నది. ఏది తప్పో ఏది ఒప్పో ఆ క్షణంలో ఆమెకే అనుమానం వచ్చింది. ఒకవేళ ఇతను ఊపిరి బిగబట్టి దిగితే? ఒకవేళ చెయ్యి అందుకుంటే? దీపం ఆరింది నిజమే. కానీ పడ్డవాడు కళ్లెదుట ఉన్నాడు.

మూడోసారి కొక్కెం పట్టాలో దిగబడింది.

"లాగుండ్రి."

బండివాళ్లు ఇద్దరూ లాగారు. స్వామిదాసు కూడా వచ్చి తాడు పట్టాడు. బాల్‌రాజ్ పాతర మెడలోంచి పైకి వచ్చాడు. ఒంటి నిండా జొన్నపొట్టు. పెదవులు నీలం. పెంటమ్మ అతన్ని బోర్లా పడుకోబెట్టి, సాలోమోను నేర్పినట్టు వీపు మీద చేతులు ఆనించి ఒత్తడం మొదలుపెట్టింది. ఒత్తి వదలడం, ఒత్తి వదలడం. ఆమె అలసిపోతే బండివాడొకడు ఒత్తాడు. మళ్లీ ఆమె. ఎండ నడినెత్తికి వచ్చేదాకా ఒత్తింది. అతని నుంచి గాలి వచ్చింది గానీ ఊపిరి రాలేదు.

చివరికి శారదాదేవే వచ్చి ఆమె భుజం పట్టుకుని, చాలు పెంటమ్మా, అంది.

స్వామిదాసు తమ్ముడి తల ఒళ్లో పెట్టుకుని కూచున్నాడు. పెంటమ్మ వైపు తల ఎత్తకుండానే అన్నాడు: "నువ్వు ఆపినవు. నేను దిగుంటే వాడు బతికేటోడు."

ఆమె తాడు చుట్టి కొక్కేలు పక్కన పెట్టింది.

మరునాడు పొద్దున పోలీసు అమీన్ సాబు ఇద్దరు జవాన్లతో పంచనామాకు వచ్చాడు. సావుకారి అరుగు మీద కుర్చీ వేశారు. గుమాస్తా రాత్రంతా మాటలు కూర్చుకున్నట్టున్నాడు. బాల్‌రాజ్ కల్లు తాగి దిగి జారిపడ్డాడని, అన్న కాపాడబోతే పెంటమ్మ అడ్డం పడి నిచ్చెన లాగేసిందని, ఆమె పాతర దగ్గర దీపాలు పెట్టి ఏవో పూజలు చేస్తుంటుందని వరసగా చెప్పాడు. రామేశ్వర్ సావుకారి కుర్చీ వెనక నిలబడి నేల చూస్తున్నాడు. అవునని గానీ కాదని గానీ అనలేదు.

అమీన్ స్వామిదాసును పిలిచాడు. "నీ తమ్ముడు తాగిండా?"

"లేదు సర్కార్. వాడు జన్మల తాగలే."

"ఈ ఆడమనిషి నిన్ను ఆపిందా?"

"ఆపింది. కాలు పట్టుకున్నది. నిచ్చెన తీసేసింది."

అమీన్ రాసుకున్నాడు. పెంటమ్మను చూశాడు. "నువ్వేమంటవు? సర్దుకో. ఠాణాకు రావలసి ఉంటది."

పెంటమ్మ చేతులు కట్టుకుని నిలబడింది.

"వస్త సర్కార్. దానికి ముంగట ఒక్కటి జూడుండ్రి. రెండో పాతర నిరుడు మూసిన్రు. ఇప్పటిదాక తీయలేదు. బండ లేపించుండ్రి. దీపం నేను ముట్ట. స్వామిదాసన్ననే దించమనుండ్రి."

గుమాస్తా ఏదో అనబోయాడు. అమీన్ చెయ్యెత్తి ఆపాడు. అందరూ పెరట్లోకి నడిచారు. జవాన్లు మట్టి తవ్వారు. బండ పక్కకు జరిగింది. ఈసారి వాసన కూడా అంతగా లేదు. లోపల చల్లగా, చీకటిగా, నిద్రపోతున్నట్టు ఉంది.

స్వామిదాసు గంపలో ప్రమిద పెట్టుకుని తాడు వదిలాడు. మెడ దాటింది. ఇంకో మూర. దీపం సన్నబడి, నీలంగా మారి, ఆరిపోయింది.

"గాలికి ఆరింది," అన్నాడు. పైకి లాగి తన చేత్తోనే వెలిగించాడు. గాలి తగలకుండా చెయ్యి అడ్డం పెట్టి, నెమ్మదిగా దించాడు. అక్కడికే వెళ్లి ఆరింది. మూడోసారి కొత్త వత్తి వేశాడు, ఆముదం నిండా పోశాడు. మళ్లీ అక్కడే.

అతను లేచి నిలబడ్డాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "దీపం ఆరితే ఏమాయె? మనిషి దీపమా?" అన్నాడు పెంటమ్మతో. "దీపం సన్నపు పానం. మనిషి కొద్దిసేపన్న ఓర్వడా?"

అది అమీన్ విన్నాడు. జవానును పంపి పక్కింటి నుంచి ఒక కోడిని తెప్పించాడు. బాగా బలిసిన పెట్ట. గంపలో పెట్టి పైన వల కట్టారు. తాడు మళ్లీ స్వామిదాసు చేతికిచ్చారు.

గంప దిగుతున్నంతసేపు కోడి కొక్కొక్కొ అంటూనే ఉంది. దీపం ఆరిన లోతు దాటాక రెక్కలు టపటపా కొట్టుకుంది. గంప ఊగింది. తాడు ఊగడం స్వామిదాసు చేతులకు తెలుస్తున్నది. కొద్దిసేపటికి ఊగడం ఆగింది.

ఎవరూ లాగమనకుండానే అతను లాగాడు. ఆదరాబాదరాగా, చేతులు ఒరుసుకుపోయేలా లాగాడు. వల విప్పి కోడిని బయటికి తీశాడు. మెడ వాలిపోయింది. నేల మీద పెట్టి, ఈకల కింద వేళ్లు పెట్టి చూశాడు. ఇంకా వెచ్చగా ఉంది.

"ఎంతసేపైంది?" అని జవానును అడిగాడు.

"వంద లెక్కపెట్టేంత గూడ గాలే," అన్నాడు జవాను.

స్వామిదాసు అక్కడే నేల మీద కూచుండిపోయాడు. అప్పుడు పెంటమ్మే మాట్లాడింది. అమీనుతో కాదు, అతనితో.

"ఏడేండ్ల కింద ఆ మూడో పాతరలనే నా పెనిమిటి పడ్డడు. నాకు తెల్వక నా తమ్మున్ని దింపిన. దిగి జూడమని నేనే అన్న. ఇద్దరు పోయిన్రు. నిన్న నువ్వు కాలు పెట్టినప్పుడు నాకు వాడే కనవడ్డడు. నీ తమ్మున్ని నేను కాపాడలే. నిజమే. నిన్ను మాత్రం దిగనియ్యలే."

స్వామిదాసు కోడిని పక్కన పెట్టి అమీను వైపు తిరిగి, "రాసిన కాయిదం ఒకసారి మార్చి రాయుండ్రి సర్కార్," అన్నాడు. "ఆమె ఆపింది అని రాసిన్రు గదా. ఎందుకు ఆపిందో గూడ రాయుండ్రి."

అమీన్ మార్చి రాశాడు. ఉర్దూలో రాసి, తెలుగులో చదివి వినిపించాడు. బాల్‌రాజ్ తాగలేదని, చెడుగాలి వల్ల చనిపోయాడని, ముందురోజు హెచ్చరిక ఉండగానే గుమాస్తా మనిషిని దింపించాడని. పాతర తెరిచాక ఒక పగలూ రాత్రీ వదలకుండా, దీపం అడుగు దాకా వెలగకుండా ఎవర్నీ దింపవద్దని సావుకారి చేత ముచ్చలకా, అంటే హామీపత్రం, రాయించి సంతకం తీసుకున్నాడు. గుమాస్తాను జవాన్లు ఠాణాకు తీసుకుపోయారు. అక్కడ ఏం జరిగిందో చేవెళ్లకు సరిగా తెలియలేదు. అతను మళ్లీ సావుకారి ఇంట్లో మాత్రం కనిపించలేదు.

మూడో పాతర జొన్నలు శంకర్‌పల్లికి ఆరు రోజులు ఆలస్యంగా వెళ్లాయి. అందుకు ఎవరూ ఏమీ అనలేదు.

బాల్‌రాజ్‌ను కొండకల్‌లో పూడ్చారు. పెంటమ్మ వెళ్లింది. వాళ్ల ఇంటి ఆడవాళ్లు ఆమెను చూసి మొహం తిప్పుకున్నారు. స్వామిదాసు అరుగు మీద కూచుని ఉన్నాడు గానీ పలకరించలేదు. సమాధి మీద మట్టి వేసి, దగ్గరే బావిలో కాళ్లు కడుక్కుని తిరిగి వచ్చింది. అతను తన వైపు సాక్ష్యం చెప్పాడు. తనను క్షమించాడని దానికి అర్థం కాదని ఆమెకు తెలుసు.

ఏడాది గడిచింది. 1944 మాఘంలో ఒకనాటి పొద్దున పెంటమ్మ ఇంటి ముందు బండి ఆగింది. స్వామిదాసు దిగాడు. మనిషి చిక్కిపోయాడు.

"అక్కా, మా ఊర్ల పాతర తీస్తున్రు," అన్నాడు గుమ్మం బయటే నిలబడి. "నిన్ను తీసుకరమ్మన్న. నేనే అన్న. ఎవరూ దిగకుండ ఆపి వచ్చిన."

పెంటమ్మ చీర కొంగు నడుముకు చుట్టుకుని బండెక్కింది. దారి పొడవునా ఇద్దరూ మాట్లాడుకోలేదు. కొండకల్ పాతర రెండో రోజుకు గాలి బాగుపడింది. దీపం అడుగున కూచుని నిబ్బరంగా వెలిగింది. పైనుంచి చూస్తే జొన్నల మీద పసుపుగా ఒక గుండ్రం.

"ముందు నేను దిగుత," అన్నాడు స్వామిదాసు.

"వేరేటోళ్లు దిగుతరు లే."

"నేనే దిగుత అక్కా."

ఆమె తాడు తీసి అతని చంకల కింద కట్టింది. ముడిని మూడుసార్లు గుంజి చూసింది. ఇంకో కొసను తన చేతికి చుట్టుకుంది.

"నోరు మూయొద్దు," అంది. "లోపల ఉన్నంతసేపు ఏదో ఒకటి మాట్లాడుతుండు. మాట ఆగితె గుంజుత."

అతను నిచ్చెన దిగాడు. పాతర మెడ దాటి తల కనబడకుండా పోయింది.

"ఏం మాట్లాడాలె?" అన్న గొంతు కింది నుంచి వచ్చింది, బోలుగా.

"ఏదన్న."

మొదట మెట్లు లెక్కబెట్టాడు. అడుగు చేరాక జొన్నలు మంచిగున్నయని అన్నాడు. ఎడమ ఎద్దు కాలు కుంటుతున్నదని, ఈ ఏడు ఉల్లి వేశానని చెప్పాడు. గంప నింపుతూ చెప్తున్నాడు. ఒకసారి ఆగాడు. పెంటమ్మ తాడును గుంజబోయింది.

"వానికి ఈత వస్తుండె," అంది కింది గొంతు. "బాల్‌రాజుకు. చెర్వుల పడి గంటలు గంటలు ఉంటుండె. ఊపిరి బిగవట్టుడు నాకంటె వానికే ఎక్కువ."

"ఊ," అంది పెంటమ్మ పైనుంచి.

"వాడే ఓర్వలే. ఇగ నేనేం ఓరుస్తుంటి."

ఆమె తాడును చేతికి ఇంకో చుట్టు చుట్టుకుంది. కింద అతను మళ్లీ మొదలుపెట్టాడు. తమ్ముడికి పెండ్లి కుదిరిన ఊరి పేరు, ఆ పిల్ల పేరు, తమ్ముడు కొనుక్కున్న గొంగళి రంగు. గంప తర్వాత గంప పైకి వస్తున్నది. పొట్టు కళ్లలో పడుతున్నది. సాయంత్రం దాకా అతను మాట్లాడుతూనే ఉన్నాడు. ఆమె ఒక చేత తాడు పట్టుకుని వింటూనే ఉంది.

ఆ తర్వాత పెంటమ్మ మొయినాబాదు నుంచి కొండకల్ దాకా ఎక్కడ పాతర తీసినా వెళ్లేది. పిలవడానికి వచ్చే బండి ఎక్కువసార్లు స్వామిదాసుదే. 1948 తర్వాత నేల మీది గోదాములు పెరిగాయి. పాతరలు ఒక్కొక్కటే పూడ్చేశారు. రామేశ్వర్ సావుకారి కూడా మూడింటినీ మట్టి పోయించి మూసేసి, పైన పశువుల కొట్టం వేయించాడు. పెంటమ్మ ఆ కొట్టంలోనే చాలాకాలం పేడ ఎత్తింది. బాల్‌రాజ్ తర్వాత, ఆమె దీపం దించిన ఏ పాతరలోనూ ఎవరూ చావలేదు.